చెంచాడు పెన్నేరు గడ్డ

నేను ఆరోగ్యంగా ఉన్నానని తేల్చడానికి ఆసుపత్రివాళ్లకు నెల పైనే పట్టింది. జబ్బుందని చెప్పడానికి ఒక్క పూట చాలు. ఏమీ లేదని చెప్పాలంటే మాత్రం నడినెత్తి నుంచి అరికాలి దాకా వెతకాలట. రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు అన్నీ అయ్యాక పళ్లు కూడా చూశారు. ఆఖరికి డాక్టరుగారు కాగితాలన్నీ మూసి, "ఈ వయసులో ఇంత బాగున్నారంటే అదృష్టమేనమ్మా" అన్నారు. పెళ్లిచూపుల్లో నెగ్గినదానిలా పైట సర్దుకున్నాను.

ఈ పరీక్షలు నా కోసం కాదు. మా తమ్ముడికి మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. వారానికి మూడు రోజులు శ్రీనగర్ కాలనీ నుంచి పంజాగుట్ట వచ్చి, ఆ ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద చెయ్యి చాపుకుని పడుకుంటాడు. అమ్మా నాన్నా లేరు. మరదలి రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. నా రెండింటిలో ఒకటి వాడికి పెట్టాలని అనుకున్నాం. చూడటానికొచ్చిన వాళ్లంతా దీన్ని త్యాగం అంటుంటే నాకు ఒళ్లు మండేది. వాడు చిన్నప్పుడు నా పలకలు ఎన్ని పగలగొట్టాడో, ఎన్నిసార్లు నా జడ లాగాడో వీళ్లకేం తెలుసు. వాడికి నేను కాకపోతే ఎవరిస్తారు? అంతే సంగతి.

మొదట్లోనే ఒక డాక్టరమ్మ అందరినీ బయటికి పంపించి తలుపు వేసింది. "మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. మొహమాటపడి ఒప్పుకోవద్దు. పరీక్షల్లో తేడా వచ్చింది, ఆవిడ పనికిరారు అని మేమే బయట చెప్తాం. అసలు కారణం ఎవరికీ తెలియదు" అంది. నాకు ఇష్టమేనన్నాను. "మధ్యలో మనసు మారినా చెప్పొచ్చు" అని మళ్లీ అంది. ఎంత బాగా ఆలోచించారో అని మెచ్చుకుంటూ బయటికొచ్చాను. ఆ మంచి సదుపాయమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

మా ఇల్లు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో. ఇంట్లో ముగ్గురం. మా ఆయన, నేను, మా అత్తగారు. మామగారు సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని చేసి, ఈ రెండు గదులూ వేసి, గృహప్రవేశం చేసిన కొన్నాళ్లకే పోయారు. వాళ్లది మెదక్ వైపు. నేను తెనాలి వైపు పిల్లను. ఒకే ఆఫీసులో పనిచేస్తూ మేమిద్దరం ఇష్టపడి చేసుకున్నాం. అత్తగారు ఆ పెళ్లికి వచ్చింది, అక్షింతలు వేసింది, ఇంటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. తిట్టిందీ లేదు, సాధించిందీ లేదు. తిడితే బాగుండును, నేనూ నాలుగు అనేదాన్ని, ఎప్పటికప్పుడు తేలిపోయేది. వంట చేసింది నేనైనా, "అన్నం అయ్యిందా కొడుకా?" అని మా ఆయన్నే అడిగేది. ఆయన నా వైపు చూస్తే, నేను అయిందని తలూపితే, "అయ్యిందమ్మా" అని ఆయన అందించేవాడు. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా మాటలు ఇలా ఆయన మీదుగా తిరిగి వెళ్లేవి.

వంటింట్లో కింది గూడు ఆవిడది. అందులో ఆవిడ వక్కలు, నొప్పుల నూనె, ఊరి నుంచి తెచ్చుకున్న ఏవో మూటలు ఉండేవి. ఆ గూట్లో నేను చెయ్యి పెట్టను. నా పై అరలవైపు ఆవిడ చూడదు. ఎవరూ పెట్టిన నియమం కాదు గానీ ఇద్దరం తప్పలేదు.

పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక, కిడ్నీ ఇవ్వడానికి మా ఆయన సంతకం కూడా కావాలన్నారు. ఆయన మారు మాట్లాడకుండా వచ్చి పెట్టాడు. అత్తగారికి చెప్తే, టీవీ వైపు చూస్తూ విని, లేచి వెళ్లి పడుకుంది. సరే, ఆవిడకేం పట్టింది అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, ఆవిడ స్టీలు గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"తాగు" అంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"పాలు."

"ఏదో వాసనొస్తోంది."

"పెన్నేరు గడ్డ. బలానికి. తాగు."

తాగాను. ఎంత బెల్లం వేసినా అడుగున చేదు అలాగే ఉంది. అశ్వగంధ అన్నా, పెన్నేరు గడ్డ అన్నా ఒకటే, గుర్రం వాసన వస్తుందంటారు. నేను గుర్రాన్ని అంత దగ్గర నుంచి ఎప్పుడూ వాసన చూడలేదు, కాబట్టి చెప్పలేను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. ఖాళీ అయ్యాక నా చేతిలోంచి తీసుకుని తనే కడిగి బోర్లించింది. నేను తాగిన గ్లాసు ఆవిడ కడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఆవిడ పాల బదులు వేపాకు కషాయం ఇచ్చినా తాగేదాన్ని.

అప్పటి నుంచి అది రోజూ అలవాటయింది. వాళ్ల ఊళ్లో వాళ్లమ్మ ఆ గడ్డను తవ్వి తెచ్చి, పాలలో ఉడికించి, ఎండబెట్టి, దంచి, జల్లించి పెట్టేదట. బాలింతలకూ, నాట్లు వేసి నడుములు పడిపోయిన ఆడవాళ్లకూ ఒక చెంచాడు పాలలో వేసి ఇచ్చేదట. ఈ సంగతులు కూడా ఆవిడ నాకే చెప్పింది, మా ఆయన మీదుగా కాదు. నేను గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి వినేదాన్ని. లోపలికి వెళ్లి కూర్చుంటే ఆ మాట ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం.

ఇక నా ఉద్యోగం సంగతి. అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ సెంటర్లో కౌన్సెలర్‌ని. పేరుకు కౌన్సెలర్ గానీ చేసేది కోర్సులు అమ్మడం. జిల్లాల నుంచి బ్యాగు తగిలించుకుని వచ్చిన పిల్లలకు ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందో చెప్పాలి. పొద్దుట్నుంచి వాగీ వాగీ సాయంత్రానికి నా గొంతు నాకే విసుగొచ్చేది. అలాంటిది, ఆ పాలు మొదలైన కొన్ని వారాలకు నాకు అలసట అనేది లేకుండా పోయింది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే లేచి అటకలు దులిపేదాన్ని. ఒళ్లు తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి. ముఖం నిగనిగలాడుతోందని ఆఫీసులో ఒకటే గొడవ.

"మేడం, మస్తు కనిపిస్తున్నరు, ఏం క్రీమ్ పెడ్తున్నరు, జర మాకు సుత చెప్పండ్రి" అని రిసెప్షన్ అమ్మాయి వెంటపడింది.

క్రీమూ లేదు, గ్రీమూ లేదన్నాను. మనసులో మాత్రం నాకు వేరే లెక్క ఉంది. మంచిపని తలపెట్టాను కదా, పుణ్యం ముఖం మీదికి వచ్చిందనుకున్నాను. బయటికి త్యాగం కాదు గీగం కాదు అని కసురుతూ, లోపల ఆ గొప్పంతా నేనే కూడబెట్టుకున్నాను. మనిషి బుద్ధి ఎంత చిత్రమో చూడండి.

గుండె దడదడలాడేది. ఆపరేషన్ దగ్గర పడుతోంది కదా, ఉత్సాహం అనుకున్నాను. చెయ్యి వణికి, పిల్లల పేర్లు రాస్తుంటే అక్షరాలు పక్కకు వాలిపోయేవి. అది పెన్ను తప్పనుకున్నాను. కోపం కూడా పెరిగింది. ఒక తండ్రి వచ్చి, "మా వాడికి ఏ కోర్సు బాగుంటుందమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. "మీ వాడికి నోరు లేదా? వాణ్ని అడగనివ్వండి" అన్నాను. ఆయన కొడుకును తీసుకుని ఎదురు బిల్డింగ్‌లోకి వెళ్లిపోయాడు. మా సారు గాజు తలుపు వెనక నుంచి చూశాడు. కోపం నాకు పుట్టుకతో ఉన్నదే కనుక దాని గురించి నేనూ ఆలోచించలేదు.

ఆపరేషన్‌కు ముందు మళ్లీ ఒకసారి రక్తం తీశారు. ఊరికే, పద్ధతి ప్రకారం. అందులో తేడా వచ్చింది.

థైరాయిడ్ హార్మోను బాగా పెరిగిందన్నారు. దాన్ని అదుపులో పెట్టాల్సిన రెండో హార్మోను పూర్తిగా పడిపోయిందట. గుండె కొట్టుకునే వేగం చూసి మత్తు డాక్టరు అడ్డంగా తలూపాడు. ఈ స్థితిలో మత్తిస్తే నా ప్రాణానికే ముప్పన్నాడు. ఆపరేషన్ తేదీ రద్దు చేశారు. మొదటిసారి చూసినప్పుడు ఇవే పరీక్షలు సుబ్బరంగా ఉన్నాయి. ఇప్పుడెందుకిలా అయ్యిందో ఎవరికీ అర్థం కాలేదు.

డయాలసిస్ హాలు బయట ఒక పొడుగాటి బెంచీ ఉంటుంది. అది పెద్ద యూనివర్సిటీ. లోపల పడుకున్నవాళ్ల భార్యలూ తల్లులూ ఆ బెంచీ మీద కూర్చుని, డాక్టర్లు చెప్పనివన్నీ ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. మా మరదలు ఏడాదిగా ఆ బెంచీ మీదే ఉంది. విజయవాడ పిల్ల, నెమ్మదస్తురాలు, పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పదు. నేను వెళ్లి తేదీ రద్దయిందని చెప్తే చేతిలోని మందుల చీటీ మడతపెట్టింది.

"ఏంటి వదినా, మొన్నటిదాకా అన్నీ బాగున్నాయన్నారుగా?" అంది.

"బాగానే ఉన్నాయి. ఇప్పుడు తేడా వచ్చిందంటున్నారు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వెలగలేదు. తేడా వచ్చింది. డాక్టరమ్మ బయట చెప్తానన్న మాట అదే.

మరదలు చీర కొంగును వేలికి చుట్టుకుంటూ అంది. "ఇష్టం లేనివాళ్లకి ఇక్కడ అలాగే చెప్తారంట వదినా. మొన్న ఒకావిడ చెప్పింది. నేను మిమ్మల్ని అనట్లేదండి. అలా చెప్తారంట అంటున్నాను."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఏమని బదులు చెప్పను? నాకు ఇష్టమేనని ప్రమాణం చేస్తే ఇంకా అనుమానం వస్తుంది. డాక్టరును పిలిచి చెప్పిద్దామంటే, వాళ్లు చెప్పేది అబద్ధమైనా ఇలాగే ఉంటుందని ఆ బెంచీకి ఇదివరకే తెలుసు. లోపలికి తమ్ముడి దగ్గరికి వెళ్లాను. గొట్టాల్లో వాడి రక్తం తిరుగుతోంది. చెయ్యి పొంగి ఉంది. ఆ నెలలో వాడికి రెండుసార్లు మంచం మీదే బీపీ పడిపోయి కళ్లు తేలేశాడు. ఇలా ఎన్నాళ్లో ఈడ్చలేమని వాడి డాక్టరు అప్పటికే చెప్పాడు.

"అక్కా, భయమైతే నాకు చెప్పు. నేనేమీ అనుకోను. డాక్టర్లతో చెప్పించొద్దు" అన్నాడు వాడు.

వాడు కోపంగా అని ఉంటే తిట్టేదాన్ని. నిదానంగా, నన్ను ఓదార్చినట్లు అన్నాడు. నేను గిరుక్కున తిరిగి బయటికొచ్చి, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఎండలో నడిచాను. నా గుండె డబడబా కొట్టుకుంటూనే ఉంది. ఏమో, నా ఒళ్లే ఇవ్వనంటోందేమో, నాకు తెలియకుండా లోపల ఎక్కడో నేను వెనక్కి తగ్గానేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చాక అత్తగారు పాలిచ్చింది. ఆ రోజు కూడా తాగాను.

థైరాయిడ్ చూసే డాక్టరు దగ్గరికి పంపించారు. పెద్దాయన, తొందరలేని మనిషి. మెడకు స్కాన్ తీయించాడు, ఇంకేవో రక్తపరీక్షలు చేయించాడు. గ్రంథిలో వాపు లేదు, గడ్డలు లేవు, మామూలుగా వచ్చే జబ్బుల ఆనవాళ్లు ఏవీ లేవు.

"మందులేమైనా వాడుతున్నారా?" అన్నాడు.

లేదన్నాను. ఈ ప్రశ్న నన్ను ఆ ఆసుపత్రిలో ప్రతివాళ్లూ అడిగారు. ప్రతిసారీ లేదనే చెప్పాను, అబద్ధం చెప్తున్నానని ఒక్కసారీ అనిపించలేదు. మందు అంటే జబ్బుకు వేసుకునేది. నాకు జబ్బు లేదని వాళ్లే కదా రాసిచ్చారు.

ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. "సరేనమ్మా, పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ నోట్లోకి ఏమేం వెళ్తాయో వరసగా చెప్పండి."

టీ చెప్పాను. ఇడ్లీ, ఆఫీసు డబ్బాలో అన్నం, పప్పు, మళ్లీ టీ. "సాయంత్రం పాలు" అన్నాను.

"ఉత్త పాలేనా?"

"పెన్నేరు గడ్డ వేస్తారు. బలానికి."

ఆయన పెన్ను కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. మీరు నా మొదటి పరీక్షలు చేశాక అన్నాను. చెప్తుంటేనే నాకు లెక్క అందింది.

ఆయన గడ్డను తిట్టలేదు. తరతరాలుగా తాగుతున్నదే, చాలామందికి ఏమీ కాదు, కొందరికి నిద్రా నెమ్మదీ కూడా ఇస్తుంది అన్నాడు. కానీ అది హార్మోన్ల జోలికి పోతుంది. ఒంట్లో కొన్నింటిని దించుతుంది, కొన్నింటిని లేపుతుంది. ఏ లోటూ లేని మనిషిలో థైరాయిడ్‌ను లేపితే అది ఎక్కువై కూర్చుంటుంది. అదీగాక, ఈ రోజుల్లో దుకాణాల్లో గడ్డ పొడితో పాటు దాని సారం కూడా అమ్ముతున్నారు, రెంటికీ చాలా తేడా ఉంది అన్నాడు. "ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను. ఆపండి. దానంతటది దిగివస్తే ఇదే అనుకుందాం. దిగేదాకా ఆపరేషన్ మాట వద్దు."

మెట్రోలో నిలబడి నా ముఖం కిటికీ అద్దంలో చూసుకున్నాను. ఆ నిగనిగ, ఆ చురుకు, ఆ పుణ్యం అంతా చెంచాడు పొడి. నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లేసరికి గ్లాసు సిద్ధంగా ఉంది. పక్కన పెట్టి, "అత్తయ్యా, ఆ పొడి ఒకసారి చూపిస్తారా?" అన్నాను. ఆవిడ గూట్లోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. నేను అంతవరకూ ఊరి మూటలోని పొడి అనుకున్నాను. ఇది కొన్నది. ఆ మూట ఎప్పుడో అయిపోతే ఆవిడ ఒక్కతే మూలికల దుకాణానికి పోయి అడిగిందట. డబ్బా మీద అంతా ఇంగ్లీషు. ఆవిడ తెలుగైనా కూడబలుక్కుని చదవాల్సిందే. అది గడ్డ నుంచి తీసిన సారమనీ, చిటికెడు మించకూడదనీ, డాక్టరును అడిగి వాడాలనీ రాసి ఉంది. డబ్బాలో ఆవిడ స్టీలు చెంచా ఉంది.

"పొడి కన్న గిది మంచిగ పని చేస్తదన్నడు దుకాణపాయన. మా అమ్మ గీ చెంచాడే పోస్తుండె. నేను సుత గంతే పోసిన" అంది. నా ముఖం చూసి, "ఎక్కువైందా?" అంది.

"ఎక్కువైందత్తయ్యా. దానివల్లే ఆపరేషన్ ఆగింది."

ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. గ్లాసులో పాలు సింకులో పోసి నేనే కడిగాను.

మా ఆయన వచ్చాక వాకిట్లోకి పిలిచి చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. "మీ మరదలికి చెప్పకు. మా అమ్మ కావాలని చేసిందంటరు. కోడలి కిడ్నీ ఇయ్యడం ఇష్టం లేక గిట్ల చేసిందని ఊరంతా చెప్పుకుంటరు" అన్నాడు. అది నిజమే. ఆవిడ నాతో ఎలా ఉండేదో మా వాళ్లందరికీ తెలుసు. ఇంతకాలం పలకరించని అత్త ఉన్నట్లుండి రోజూ పాలిచ్చిందంటే ఎవరు మాత్రం మంచికే అనుకుంటారు? నేనే ఒక్క నిమిషం, నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం కన్నా ఎక్కువే, అదే అనుకున్నాను. ఆ అనుమానం వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మరదలికి ఫోన్ చేశాను. నేనే బలానికని కొనుక్కుని తాగాను, దానివల్ల ఇలా అయింది, ఆపేశాను, తగ్గిపోతుందట అని చెప్పాను.

"మీరేనా వదినా? ఆపరేషన్ పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా, మీ అంతట మీరే తాగారా? చదువుకున్నారు, రోజూ పదిమందికి సలహాలిస్తారు." ఆ వెంటే అంది, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టుంది. పోన్లెండి. మాకు రాసిపెట్టి లేదనుకుంటాం."

ఆ పోన్లెండి అనే మాటతో తలుపు మూసేసినట్లయింది. అత్తగారి పేరు చెప్తే ఆవిడ దోషి. నా పేరు చెప్తే, ఇవ్వడం ఇష్టం లేక కావాలనే తాగానని అర్థం వస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే అత్తగారు వంటింటి గుమ్మంలో ఉంది. అన్నీ వింది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. కూరగాయల బజారు దాటి ఒంటరిగా పోవాలంటే జంకే మనిషి ఆవిడ. ఆ పొడి కోసం దుకాణానికి ఎలా పోయిందో అదొక్కటే వింత. పక్కింట్లో అడిగాను, మా ఆయనకు ఫోన్ చేశాను. సందు మొగదాకా వెళ్లి అటూ ఇటూ చూస్తుంటే మరదలు ఫోన్ చేసింది.

"మీ అత్తయ్యగారు ఇక్కడికి వచ్చారు వదినా, ఆసుపత్రికి. మీరు కంగారు పడకండి. ఆటో ఎక్కించాను." గొంతు మారింది. ఇంకేదో చెప్పబోయి ఆగి, "జాగ్రత్తగా దింపించుకోండి" అని పెట్టేసింది.

అత్తగారు ఆటో దిగింది. చేతిలో సంచి ఖాళీగా ఉంది.

"డబ్బా ఏదత్తయ్యా?"

"ఆడనే ఇచ్చిన."

"ఏం చెప్పారు వాళ్లకి?"

"ఏం జెప్త? ఉన్నది జెప్పిన" అని చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఇంకెన్నిసార్లు అడిగినా అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. ఆదివారం మరదలు శ్రీనగర్ కాలనీ నుంచి పూతరేకుల పెట్టె తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. నాకు ఒక్కటి కూడా మిగల్లేదు. మరదల్ని అడిగితే, "ఆయన చెప్తారులెండి" అంది. తమ్ముణ్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఆ తర్వాత వారాలు ఎదురుచూపుతోనే గడిచాయి. రక్తం తీసినప్పుడల్లా ఇంకా దిగలేదనేవారు. ఒక రోజు తమ్ముడి చెయ్యి బాగా వాచి డయాలసిస్ సగంలో ఆపాల్సి వచ్చింది. నేను ఆ బెంచీ మీద మరదలి పక్కన కూర్చున్నాను. ఆ చెంచా నా కళ్ల ముందు తిరుగుతూనే ఉంది. అయితే నా ఒంట్లో మార్పు తెలుస్తోంది. చెయ్యి వణకడం ఆగింది. మెట్రో మెట్లు మళ్లీ కొండల్లా అయ్యాయి. ముఖం యథాప్రకారం నా ముఖమైంది. రిసెప్షన్ అమ్మాయి, "ఆ క్రీమ్ బంద్ చేసిండ్రా మేడం?" అని అడిగింది. కోపం మాత్రం తగ్గలేదు. దానికీ గడ్డకూ సంబంధం లేదని తేలిపోయింది.

చివరికి హార్మోన్లు వాటి చోటికి అవి వచ్చాయి. పెద్ద డాక్టరు ఇంకోసారి చూసి, సరేనన్నాడు. మళ్లీ తేదీ ఇచ్చారు.

ఆపరేషన్‌కు ముందు రోజు ఇద్దర్నీ చేర్చుకున్నారు. గదులు పక్కపక్కనే. సాయంత్రం తమ్ముడు నెమ్మదిగా నడిచి వచ్చి నా మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగి ఉండటం కనిపిస్తోంది.

"అక్కా, ఆ రోజు మీ అత్తయ్యగారు ఏమన్నారో చెప్పనా?"

"చెప్పకపోతే రేపు నా కిడ్నీ అడక్కు."

వాడు నవ్వాడు. "నేను మంచం మీద ఉన్నాను. ఆవిడ వచ్చి ఆ డబ్బా నా పక్కన పెట్టి, నేనే ఇచ్చిన, మా పిల్లకేం ఎరుక లేదు అన్నారు. మీ మరదలు ఉండబట్టలేక, ఎందుకిచ్చారండీ అని గట్టిగానే అడిగింది. నువ్వు బాగుండాలనో, నేను బాగుపడాలనో ఏదో చెప్తారనుకున్నాను." వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆవిడ అలా అనలేదు. 'అందరు మీకు వచ్చే దాన్నే చూస్తుండ్రు. డాక్టర్లు సుత గదే చూస్తుండ్రు. నా కోడలికి ఇంకోటి మిగుల్తది గదా. దాన్ని చూసేటోళ్లెవరు? గందుకే పోసిన' అన్నారు."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"నా కోడలు అందా?" అన్నాను.

"అన్నారు."

వాడు ఇంకాసేపు కూర్చుని, నా చెయ్యి నొక్కి, గోడ పట్టుకుని వాడి గదికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంటుంటే నర్సమ్మాయి బీపీ యంత్రం తోసుకుంటూ వచ్చింది. చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి పెదవి విరిచింది.

"ఏడుస్తున్నరేంది మేడం? భయమైతుందా?"

"కాదమ్మా. మా అత్తగారు గుర్తొచ్చారు."

ఆ అమ్మాయి పట్టీ విప్పుతూ నవ్వేసింది. "అత్త యాదికొచ్చి ఏడ్చెటోళ్లను నేనైతే చూడలే మేడం. భయమైతే భయమని చెప్పండ్రి, ఏం గాదు. జరసేపాగి మళ్ల చూస్త" అంది.

"సరే, భయమనే రాసుకో" అన్నాను.